చేస్ గీసిన ‘ఎ సిటీ పార్క్’లో ఎండ తప్ప ఇంకేమైనా ఉందా?

రంగవల్లి:
అమెరికన్ చిత్రకారుడు విలియం మెరిట్ చేస్ 1887 ప్రాంతంలో వేసిన బొమ్మ ఇది. ఇప్పుడు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. వెడల్పు 50 సెంటీమీటర్లు, ఎత్తు 35, అంతే. న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని టాంప్కిన్స్ పార్క్ అయ్యుండొచ్చంటారు. వెడల్పాటి బాట, పచ్చిక, ఎడమవైపు బెంచీ మీద ఒక స్త్రీ. ఇందులో సమాజం, వర్గం అంటూ వెతకడం నాకు అతిగా అనిపిస్తోంది. ఆయన గీసింది ఎండను. మీరేమంటారు?

నీలాంబరం:
ఎండ కోసమే అయితే బెంచీ ఖాళీగా వదిలేసినా సరిపోయేది కదండీ. ఆమె పక్కన ఎవరూ లేరు. ఆ రోజుల్లో మధ్యతరగతి స్త్రీ నగరం వీధిలో ఒంటరిగా ఊరికే నిలబడితే నలుగురి నోళ్లలో పడేది. పార్కులో కూర్చుంటే ఆ భయం తక్కువ. పైగా ఆమె తల దించుకోలేదు. ఎవరో వస్తున్నట్టు ఇటే తిరిగి చూస్తోంది. ఆ వచ్చేది మనమే! నన్ను ఆపేసింది ఆ చూపే. ఎండ తర్వాతే కనిపించింది.

గట్టుమీద:
బొమ్మలో లేనివాళ్ల సంగతీ మాట్లాడదాం. 1886 మేలో ఎనిమిది గంటల పనిదినం కోసం అమెరికాలో ఎన్నో నగరాల్లో సమ్మెలు జరిగాయి. ఆ మరుసటేడాది బొమ్మలో శ్రమజీవి జాడే లేదు. అంతకుముందు 1857లో న్యూయార్క్ మన్‌హాటన్‌లో సెంట్రల్ పార్క్ కోసం సెనెకా విలేజ్ అనే ఊరిని ఖాళీ చేయించారు. అక్కడున్న సుమారు 225 మందిలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు, కొందరికి సొంత ఇళ్లు కూడా ఉన్నాయి. పార్కు ప్రశాంతత వెనక ఆ కథ ఉంది.

రంగవల్లి:
గట్టుమీద గారూ, అది జరిగిన అన్యాయమే, కాదనను. కానీ అది మన్‌హాటన్ చరిత్ర, ఈ కాన్వాసు మీద లేదు. లేనిదాన్ని చదవడం మొదలుపెడితే ఏ బొమ్మకైనా ఏ అర్థమైనా అంటగట్టొచ్చు.

నీలాంబరం:
అయితే ఉన్నదాన్నే చూద్దాం. ముందు భాగమంతా పరుచుకున్న బాట దాదాపు ఖాళీ. సెంట్రల్ పార్క్‌నూ బ్రూక్లిన్‌లోని ప్రాస్పెక్ట్ పార్క్‌నూ వాస్తుశిల్పి వాక్స్‌తో కలిసి రూపొందించిన పార్కుల రూపశిల్పి ఓల్మ్‌స్టెడ్, ధనికులూ పేదలూ పార్కులో ఒక్కచోట కలవాలని ఆశపడ్డాడు. చేస్ ఆ కలయికను గీయలేదు. జనం కిటకిటలాడే వేళను వదిలి, ఒక్క స్త్రీ, ఖాళీ బాట ఉన్న వేళను ఎంచుకున్నాడు. ఎవరిని ఉంచాలి, ఎవరిని వదిలేయాలి అన్న ఆ నిర్ణయం కాన్వాసు మీదే ఉంది కదా, రంగవల్లి గారూ?