175 పౌండ్ల కోసం బ్యాంకు మారడం: తెలివా, కక్కుర్తా?

స్లౌ గృహలక్ష్మి:
యూకేలో ఉన్నవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. కరెంట్ అకౌంట్ (ఇక్కడ జీతం పడే మామూలు అకౌంట్) మా బ్యాంకుకి మార్చుకోండి, 150 ఇస్తాం, 175 ఇస్తాం అంటూ బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి ఆఫర్లు పెడుతూనే ఉంటాయి. అప్పుడప్పుడు 200 దాకా కూడా వెళ్తుంది. నేను మారదామంటున్నాను. మా ఆయన ససేమిరా అంటున్నారు. "జీతం పడే అకౌంటుతో ఆటలేంటి, ఆ డబ్బుతో మేడలు కట్టేస్తామా" అని ఆయన వాదన. ఊరికే వచ్చేదాన్ని కాలదన్నుకోవడం దేనికని నా వాదన. మారినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. కొట్టుకున్నా పర్లేదు, మర్యాదగా కొట్టుకోండి.

లెక్కల మాస్టారు:
ఈ భయం పదిహేనేళ్ల కిందట అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. అప్పుడు కరెంటు బిల్లు నుంచి కౌన్సిల్ ట్యాక్స్ దాకా అన్నీ మనమే చూసుకుని మార్చుకోవాలి. 2013 సెప్టెంబరులో కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ వచ్చాక ఆ బాధ పోయింది. కొత్త బ్యాంకుకి ఒక్కసారి చెప్తే ఏడు పనిదినాల్లో డైరెక్ట్ డెబిట్లు (కంపెనీలే మన అకౌంట్ నుంచి తీసుకునే బిల్లులు), స్టాండింగ్ ఆర్డర్లు (మనం పెట్టుకున్న నెలవారీ చెల్లింపులు), ఉన్న బ్యాలెన్సు అన్నీ అటు వెళ్లిపోతాయి. పాత అకౌంట్ మూసేస్తారు. ఎవరైనా పాత నంబరుకే డబ్బు పంపినా కనీసం మూడేళ్ల పాటు కొత్తదానికి మళ్లిస్తారు. మార్పిడిలో వాళ్ల పొరపాటు వల్ల మనకు ఛార్జీ పడితే బ్యాంకే వెనక్కి ఇవ్వాలి.

నేనూ మా ఆవిడా వీలైనప్పుడల్లా మారుతుంటాం, కానీ జీతం అకౌంట్ జోలికి పోం. వేరే బ్యాంకులో ఒక అకౌంట్ తెరిచి, దానికి రెండు చిన్న డైరెక్ట్ డెబిట్లు తగిలిస్తాం. ఒకటి ఛారిటీకి నెలకు రెండు పౌండ్లు, ఇంకోటి ఫోన్ సిమ్‌ది. తర్వాత ఆ అకౌంటునే ఆఫర్ ఉన్న బ్యాంకుకి మారుస్తాం. 60 రోజుల్లో 1,500 జమ కావాలి అన్న షరతు ఉందనుకోండి, జీతం అకౌంట్ నుంచి పంపి రెండ్రోజులయ్యాక వెనక్కి తెచ్చుకుంటాం. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు. దీన్ని కక్కుర్తి అంటే మరి కూపన్లు దాచుకోవడాన్నేమంటారు?

ఓరుగల్లు ఇన్ లండన్:
మాస్టారూ, మీరు సిటిజన్ అయ్యి చాలా కాలమైనట్టుంది. వీసా మీద ఉన్నవాళ్ల లెక్క వేరు.

నేను సెటిల్ అయ్యాక మా ఆవిణ్ణి తీసుకురావడానికి స్పౌజ్ వీసాకి అప్లై చేశాం. ఆరు నెలల పే స్లిప్పులు, ఆ జీతం పడినట్టు అవే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు పెట్టాలి. సరిగ్గా ఆ ఆరు నెలల మధ్యలో నా బ్యాంకు మారింది. స్విచ్ పూర్తయిన రోజే పాత బ్యాంకు యాప్ లాగౌట్ చేసేసింది, మళ్లీ లోపలికి రానివ్వలేదు. స్టేట్‌మెంట్లు కావాలని ఫోన్ చేస్తే పోస్టులో పంపుతామన్నారు. పంపారు, నేను ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటికి! అడ్రస్ మార్చమంటే "అకౌంట్ క్లోజ్ అయింది కదా సార్, మార్చడం కుదరదు" అన్నాడు. పాస్‌పోర్ట్ పట్టుకుని బ్రాంచికి వెళ్తే గానీ కాయితాలు చేతికి రాలేదు. అక్కడ వరంగల్లులో ఆమె, ఇక్కడ నేను, రోజూ టెన్షనే.

ఐఎల్ఆర్‌కి (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి) కూడా జీతం పడినట్టు స్టేట్‌మెంట్లు పెట్టాలి. మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఇచ్చేవాళ్లు మూణ్నెల్ల స్టేట్‌మెంట్లు అడుగుతారు. మీ డోనర్ అకౌంట్ (ఆఫర్ కోసం మార్చడానికే తెరిచే అకౌంట్) చక్రం తిరుగుతుంటే, వచ్చిన డబ్బు మర్నాడే ఎక్కడికి పోయిందని వాళ్లు అడిగే ప్రశ్నలకు మీరు జవాబు చెప్పుకోవాలి.

రెడింగ్ కోనసీమ:
అన్నా, నీ కష్టం నిజమే గానీ తప్పు స్విచ్‌ది కాదు కదా. మారేముందు పీడీఎఫ్‌లన్నీ దించుకుంటే ఈ గొడవే లేదు. మాది రాజోలు పక్కన, మా నాన్న పాస్‌బుక్ నిండిపోయినా పారెయ్యరు. ఆ అలవాటు నాకూ వచ్చింది, ప్రతి నెలా స్టేట్‌మెంట్ సేవ్ చేస్తాను.

నా గోల ఇంకోటి. బోనస్ ఇస్తామన్న బ్యాంకు ఇవ్వకపోతే? నా జీతం స్విచ్ పూర్తవ్వకముందే కొత్త అకౌంటులో పడిందని, ఆ డబ్బు లెక్కలోకి రాదని అన్నారు. షరతుల్లో ఆ ముక్క ఎక్కడుందో చూపించమంటే చాట్‌లో ఉన్నవాడు ఒకే లింకు మళ్లీ మళ్లీ పంపాడు. నేను కంప్లయింట్ రాతపూర్వకంగా పెట్టాను. ఎనిమిది వారాల్లో వాళ్లు తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, మనకు పైసా ఖర్చుండదు. ఆ మాట ఎత్తగానే బోనస్సూ వచ్చింది, పైన చిన్న 'గుడ్‌విల్' కూడా వేశారు. కాబట్టి ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఆ పేజీ కనిపించదు.

పాతకాపు:
ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. ఈ 175 ఎవరి జేబులోంచి వస్తోంది?

కరెంట్ అకౌంట్లలో వడ్డీ లేకుండా పడి ఉండే డబ్బు మీద బ్యాంకులు సంపాదిస్తాయి. ఓవర్‌డ్రాఫ్ట్ (అకౌంటులో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకునే అప్పు) మీద సంపాదిస్తాయి, ఇప్పుడు చాలా బ్యాంకుల్లో దాని రేటు 40 శాతం దరిదాపుల్లో ఉంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో పీకల్దాకా మునిగినవాడికి కొత్త బ్యాంకు అంత లిమిట్ ఇస్తుందా? ఇవ్వదు, అంటే వాడు మారలేడు. యాప్ వాడడం రాని పెద్దావిడా మారదు. చేతిలో డబ్బున్న, లెక్కలొచ్చిన మాస్టారు మాత్రం రెండు పౌండ్ల ఛారిటీ తగిలించి 175 పట్టుకెళ్తారు. కారు, ఇంటి ఇన్సూరెన్సుల్లో ఇలాగే పాత కస్టమర్ల దగ్గర ఎక్కువ గుంజుతున్నారని 2022 జనవరి నుంచి ఎఫ్‌సీఏ (ఆర్థిక సంస్థల మీద నిఘా పెట్టే సంస్థ) ఆపించింది. రెన్యూవల్ రేటు కొత్తవాడికిచ్చే రేటు కంటే ఎక్కువ ఉండకూడదు. బ్యాంకు బోనస్సులకి అలాంటిది లేదు.

లెక్కల మాస్టారు:
పాతకాపు గారూ, మేం మారడం మానేస్తే ఆ పెద్దావిడకి వడ్డీ పెంచుతారా? ఆ డబ్బు ప్రకటనలకు ఖర్చు పెడతారు, లేదంటే షేర్‌హోల్డర్లకు పోతుంది. నియమం మార్చాల్సింది ఎఫ్‌సీఏ. నన్ను దోషిని చేసి ఏం లాభం?

పాతకాపు:
దోషి అనలేదు. మీరు దీన్ని తెలివి అంటున్నారు, నేను అదృష్టం అంటున్నాను. నెల జీతం ఏడొందలు దాటనివాడికి మీ తెలివి ఎంత ఉన్నా 1,500 షరతు దాటదు.

రెడింగ్ కోనసీమ:
ఇది మాత్రం నిజం. మా రెస్టారెంటులో పార్ట్‌టైమ్ చేసే కుర్రాళ్లందరిదీ ఇదే బాధ.

కొత్తగా వచ్చా:
నేను స్టూడెంట్‌ని, కోవెంట్రీలో ఉంటాను. నాకున్నది యాప్ బ్యాంకు అకౌంట్ ఒక్కటే. నేనూ మారొచ్చా?

ఓరుగల్లు ఇన్ లండన్:
తమ్ముడూ, చాలా ఆఫర్లు స్టూడెంట్ అకౌంట్లకు వర్తించవు. పైగా కొత్త అకౌంట్ తెరిచేటప్పుడు క్రెడిట్ ఫైలులో (నీ అప్పుల, చెల్లింపుల చరిత్రలో) హార్డ్ సెర్చ్, అంటే బ్యాంకు తనిఖీ చేసిన గుర్తు, పడొచ్చు, అది ఏడాది దాకా కనిపిస్తుంది. నీ ఫైలు ఇంకా పల్చగా ఉంటుంది. ముందు ఫోన్ కాంట్రాక్టు, ఇంటి అద్దె చూసుకో.

బెజవాడ రిటర్న్:
లండన్‌లో చాలా ఏళ్లుండి ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. మీ గొడవ చూస్తే అసూయగా ఉంది. ఇక్కడ సిమ్ నంబరు 2011 నుంచి ఏ కంపెనీకైనా పట్టుకెళ్లొచ్చు, బ్యాంకుకి మాత్రం అలాంటి సౌకర్యం లేదు. 2017లో రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ ముంద్రా అకౌంట్ నంబర్ పోర్టబిలిటీ తేవాలని అన్నారు. ఇప్పటికీ మారాలంటే ఈఎంఐ, సిప్, ఎల్ఐసీ మాండేట్లన్నీ ఒక్కొక్కటిగా మార్చుకోవాల్సిందే. జీతం అకౌంట్ ఏ బ్యాంకులో ఉండాలో హెచ్‌ఆర్ వాళ్లే చెప్తారు, మనకు 175 కాదు కదా ఒక క్యాలెండర్ కూడా రాదు.

స్లౌ గృహలక్ష్మి:
అందరికీ థ్యాంక్స్. మా వారి ఐఎల్ఆర్ వచ్చే మార్చిలో ఉంది, కాబట్టి ఆయన జీతం అకౌంట్ ముట్టుకోం. నా పేరు మీద ఉన్నది ఒక్కటే మారుస్తాను. ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా?

లెక్కల మాస్టారు:
మూడు చూసుకోండి. కార్డు మీద నడిచే సబ్‌స్క్రిప్షన్లు, అంటే సినిమా యాప్, జిమ్ లాంటివి, స్విచ్‌తో రావు, కార్డు నంబరు మీరే మార్చాలి. జీతం పడే వారంలో స్విచ్ తేదీ పెట్టకండి. ఇక ఆ బ్యాంకు చుట్టరికం చూడండి: ఫస్ట్ డైరెక్ట్ హెచ్‌ఎస్‌బీసీది, హాలిఫాక్స్ లాయిడ్స్ గ్రూపుది, ఆర్‌బీఎస్ నాట్‌వెస్ట్ గ్రూపుది. ఒకచోట అకౌంట్ ఉన్నా, ఇదివరకు బోనస్ తీసుకున్నా, రెండోచోట ఇవ్వం అనొచ్చు.

పాతకాపు:
అమ్మా, ఆ ఛారిటీ డైరెక్ట్ డెబిట్ బోనస్ రాగానే కట్ చెయ్యకండి. పాపం వాళ్లేం చేశారు.