విమానం 'మోత': ఒక మాటా, రెండు మాటలా?

విమానాలు లేచేటప్పుడు చుట్టుపక్కల ఊళ్లకు ఇబ్బంది తగ్గించే పద్ధతుల మీద కాలేజీ పిల్లల కోసం రాస్తున్నానని, 'శబ్ద కాలుష్య నియంత్రణ' అంటే సరిపోతుందా అని నిన్న ఇక్కడ ఒక అక్క అడిగారు. అక్కా, నా ఓటు 'మోత'కే.

మాది కర్నూలు. ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాలు మొదలయ్యాయి. ఆ పక్క పల్లెలోనే మా పెద్దమ్మ ఉంటుంది. ఒకరోజు మిద్దె మీద శెనక్కాయలు ఆరబోస్తూ, తల కూడా ఎత్తకుండా, "లేసేటప్పుడు మోత, దిగేటప్పుడు గుయ్యి" అనింది. అంతే, మళ్లీ కాయల్లో చెయ్యి పెట్టింది. 'శబ్దం' అని ఉంటే ఈ తేడా నాకు తెలిసేదే కాదు. లెక్కలూ ఆమె వైపే ఉన్నాయి. ఎయిర్‌పోర్టు దగ్గరి పొగను అంచనా కట్టడానికి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ జెట్ ఇంజిన్ శక్తిని ఇలా తీసుకుంటుంది: లేచేటప్పుడు నూటికి 100, ఎక్కేటప్పుడు 85, దిగేటప్పుడు 30, నేల మీద నడిచేటప్పుడు 7. మా దగ్గరికి వచ్చే ఏటీఆర్‌లు అనే చిన్న విమానాలు ప్రొపెల్లర్‌వి, అంకెలు వేరుగా ఉంటాయి కానీ తీరు అదే.

ఇక మాట సంగతి. చప్పుడు అనే మోత 'మ్రోయు' నుంచి వచ్చింది. మ్రింగు మింగు అయినట్టు, మ్రాను మాను అయినట్టు, మ్రోత మోత అయింది. బరువు అనే మోత 'మోయు' నుంచి వచ్చింది, దానికి 'మ్ర'తో పని లేదు. పుట్టుకలో రెండూ వేరు, పలకడంలో ఒకటైపోయాయి. 'ఛార్జీల మోత' అని పేపర్లో చూసినప్పుడు చెవికీ తగులుతుంది, భుజానికీ తగులుతుంది.

విమానం దగ్గర ఈ రెండూ నిజంగానే కలుస్తాయి. బరువు తక్కువగా ఉండి, రన్‌వే పొడవు సరిపోతే, పైలట్ పూర్తి శక్తి పెట్టకుండానే లేపవచ్చు. ఇంజిన్ అరుగుదల తగ్గుతుంది, రన్‌వే దగ్గర హోరూ తగ్గుతుంది. బరువు మోత తగ్గితే చప్పుడు మోత తగ్గిందన్నమాట.

నాకు పేచీ ఉన్నది 'నియంత్రణ'తో. చదివినవాళ్లు మోత అందరికీ తగ్గిందనుకుంటారు. అలా జరగదు. ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులు. మొదటిదాంట్లో విమానం 3,000 అడుగుల దాకా వేగం పెంచుకోకుండా ఎత్తుకే ఎక్కుతుంది, రెక్కల వెనక అంచున చాచి మడిచే పలకలు, అంటే ఫ్లాపులు, అప్పటిదాకా చాచే ఉంటాయి. రన్‌వేని ఆనుకున్న ఊళ్లకు ఊరట. రెండోదాంట్లో 800 అడుగులు దాటాక ఎప్పుడైనా ఫ్లాపులు మడుస్తూ వేగం అందుకోవచ్చు. దూరపు ఊళ్లకు మేలు, ఇంధనం కూడా సాధారణంగా కాస్త తక్కువే కాలుతుంది. అదీ చిన్న విషయం కాదు, కిలో ఇంధనం కాలిస్తే గాలిలోని ఆక్సిజన్ కలిసి 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కానీ మా పెద్దమ్మ ఇల్లు రన్‌వే పక్కనే, ఆమెకు మొదటిదే కావాలి. అందుకే వీటిని 'దగ్గర ఊళ్ల పద్ధతి', 'దూరపు ఊళ్ల పద్ధతి' అంటే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

కింద ఒక సార్ 'టేకాఫ్'కి తెలుగు అడిగారు. సార్, మనకు రెండు మాటలున్నాయి. నేల విడవడం 'లేవడం', ఆ తర్వాతది 'ఎక్కడం'. ఈ రెండు పద్ధతులూ ఎక్కడానికి సంబంధించినవి, కాబట్టి అన్నిటికీ టేకాఫ్ అనేస్తే తేడా పోతుంది.

అక్కా, శీర్షిక 'మోత తగ్గించి ఎక్కడం' అని పెట్టండి. దాని కిందే, ఏ ఊరికి తగ్గుతుందో, ఏ ఊరికి తగ్గదో కూడా రాయండి.