నవలలో హీరో నా పాత్ర కాదు, అచ్చు వేసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి?

రాతపిచ్చి

నమస్కారమండీ. రెండేళ్లు కూర్చుని ఒక డిటెక్టివ్ నవల రాశాను, 240 పేజీలు వచ్చింది. చిక్కు ఏమిటంటే అందులో హీరో నా సొంత పాత్ర కాదు. చిన్నప్పటి నుంచి ప్రాణంగా చదువుకున్న ఒక సిరీస్‌లో డిటెక్టివ్. రాసినాయన పోయి పాతికేళ్లయింది. చివరి పుస్తకంలో ఆ డిటెక్టివ్ ఆఫీసుకు తాళం వేసి, తాళంచెవిని కిటికీలోంచి లోపలికి పడేసి వెళ్ళిపోతాడు, అంతే, ఆ తర్వాత ఇక పుస్తకం రాలేదు. అక్కణ్ణుంచి అతను ఎటు వెళ్ళాడన్నదే నా కథ. కేసు నాది, ఊరు నాది, మిగతా మనుషులందరూ నేను పుట్టించినవాళ్ళే. పాత పుస్తకాల్లోంచి ఒక్క వాక్యం కూడా ఎత్తుకోలేదు.

సొంత ఖర్చుతో అచ్చు వేసి, ఈబుక్ కూడా పెడదామనుకుంటున్నాను. ఒక స్నేహితుడేమో మొదటి పేజీలో ఈ పాత్ర ఫలానా వారిది, వారికి కృతజ్ఞతలు అని వేస్తే సరిపోతుందంటాడు. ఇంకొకతను పేరులో ఒక అక్షరం మార్చెయ్ అంటాడు. రచయితే లేనప్పుడు అడగడానికి ఎవరున్నారని మరొకరు. ముగ్గురి మాటలూ విన్నాక టెన్షన్ పెరిగిందే గానీ తగ్గలేదు. పోనీ అమ్మకుండా ఊరికే నెట్‌లో పెడితే ఇబ్బంది ఉండదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్రూఫుల బల్ల

పుస్తకాల ఎడిటింగ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, అనుమతుల ఉత్తరాలు కూడా నేనే రాసేవాణ్ణి. ముందు ఒక్క మాట, ఇప్పుడున్నది ఉన్నట్టుగా అచ్చుకు ఇవ్వకండి.

రచయిత పోయినంత మాత్రాన కాపీరైట్ హక్కు పోదు, వారసులకు వెళ్తుంది. కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణం తర్వాత కనీసం 50 ఏళ్లు ఉండాలి, భారతదేశంలో 60, బ్రిటన్‌లో, యూరప్ దేశాల్లో 70. అమెరికాలో 1978కి ముందు వచ్చిన పుస్తకాలకు లెక్క వేరు, చాలావాటికి అచ్చయిన ఏడాది నుంచి 95. ఎలా చూసినా మీ రచయితకు పాతికేళ్లు సరిపోవు.

వాక్యాలు ఎత్తుకోలేదు కాబట్టి తప్పు లేదనుకోవడం దాదాపు కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు. బాగా రూపుకట్టిన పాత్రకు కూడా రక్షణ ఉంటుంది. పాత్ర ఎంత పలచగా ఉంటే రక్షణ అంత తక్కువ అని లెర్నెడ్ హ్యాండ్ అనే అమెరికా జడ్జి 1930లోనే చెప్పాడు. ఉత్త "తాగుబోతు డిటెక్టివ్" ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా రాసుకోవచ్చు. కానీ మీ హీరో తాళంచెవి పడేసి వెళ్ళిన మనిషే. అతని గతం, మాటతీరు, పోగొట్టుకున్నవాళ్ళు, అన్నీ పాత పుస్తకాలవే కదండీ.

ఇక పేరు మార్చే సంగతి. అమెరికా రచయిత సాలింజర్ నవల "ద క్యాచర్ ఇన్ ద రై"లో కుర్ర హీరో హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌ని 76 ఏళ్ల ముసలివాణ్ణి చేసి స్వీడన్ రచయిత ఒకాయన పుస్తకం రాశాడు, అందులో హీరో పేరు ఉత్త "మిస్టర్ సి". అయినా ఎవరో అందరికీ తెలిసిపోయింది. 2009లో సాలింజర్ కేసు వేస్తే అమెరికా కోర్టు అక్కడ ప్రచురణ ఆపేసింది. అప్పీలుకు వెళ్ళి, చివరికి 2011లో రాజీ పడ్డారు: అసలు నవల హక్కు తీరేదాకా అమెరికాలో, కెనడాలో ఆ పుస్తకం వేయకూడదు.

కృతజ్ఞత మర్యాదే గానీ అనుమతి కాదు. పైగా ఆ పాత్ర ఎవరిదో మీకు ముందే తెలుసని మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

ఎవర్ని అడగాలంటే, ఆ సిరీస్ కొత్త ముద్రణ ఒకటి తీసి టైటిల్ వెనక పేజీ చూడండి. హక్కు ఎవరి పేరున ఉందో అక్కడుంటుంది. ప్రచురణ సంస్థ చిరునామాకే రాసినా వారసులకు పంపుతారు. సినిమా హక్కులు అమ్మేశారేమో కూడా అడగండి, ఒక్కోసారి పాత్ర హక్కు దాంతో పాటే వెళ్ళిపోయి ఉంటుంది. ఒప్పుకుంటే మాత్రం ఫోన్లో సరే అన్నారని ఊరుకోకండి. కాగితం మీద ఉండాలి: ఏ పాత్ర, ఏ పుస్తకం, అచ్చుకా ఈబుక్‌కా ఆడియోకా, ఏ భాష, ఏ దేశాలు, ఎన్నేళ్లు, రాయల్టీ ఎంత, మీరు పుట్టించిన కొత్త పాత్రలు రేపు ఎవరివి. ఆ చివరిది చాలామంది మర్చిపోయి తర్వాత బాధపడతారు.

అల్మారా

పైన చెప్పినదానికి ఒక చేర్పు. హక్కు తీరిన పాత్రలతో రాయాలనుకునేవాళ్ళు కూడా జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే పాత్ర మొత్తం ఒకే రోజున బయటికి రాదు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ 1930లో పోయారు, బ్రిటన్‌లో హోమ్స్ హక్కులు 2000 చివర్లోనే తీరిపోయాయి, అమెరికాలో మాత్రం ఆఖరి కథలకు 2022 చివరిదాకా ఉన్నాయి. ఈలోగా హోమ్స్ పాత్రతో కొత్త కథల సంకలనం వేస్తే వారసుల సంస్థ 5000 డాలర్లు అడిగింది, ఆ ప్రచురణకర్త కట్టేశారు కూడా. రెండో సంకలనానికి మళ్ళీ అడిగితే సంపాదకుడు కోర్టుకెక్కాడు. పాత కథల్లో ఉన్న హోమ్స్ అందరివాడు, హక్కు మిగిలిన పది కథల్లో కొత్తగా చేర్చిన సంగతులు మాత్రం వాడకూడదు అని 2014లో అప్పీలు కోర్టు తేల్చింది.

పిల్లల కథల్లోని ఎలుగుబంటి విన్నీ ద పూ కూడా అంతే. 1926 పుస్తకానికి అమెరికాలో 2022లో హక్కు తీరిపోయింది, ఆ కథల్లోని పులి టిగ్గర్ 1928లో వచ్చాడు కాబట్టి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. ట్రేడ్‌మార్క్, అంటే వ్యాపార గుర్తుగా పేరు మీద ఉండే హక్కు, మళ్ళీ వేరే గొడవ, కవర్ మీద పేరు వేసేముందు అదీ చూసుకోవాలి.

మూడో డ్రాఫ్ట్

రాతపిచ్చి గారూ, మీ పోస్టు చదువుతుంటే నా కథే గుర్తొచ్చింది. నేనూ ఇలాగే పుస్తకం మొత్తం రాసేశాక అడిగాను. ఐదు నెలలు జవాబు లేదు. జవాబు రాలేదంటే ఒప్పుకున్నట్టే అని ఎవరైనా చెబితే నమ్మకండి. మళ్ళీ రాస్తే వారసుల నుంచి రెండు వాక్యాల్లో కుదరదని వచ్చింది. కారణం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం వాళ్ళకు లేదు కూడా. ఆ రోజు బాగా ఏడ్చాను.

తర్వాత ఫైల్లో పేరు మొత్తం మార్చి, ఆ సిరీస్ బాగా తెలిసిన ఒకావిడకు చదవమని ఇచ్చాను. 11వ పేజీకే ఎవరో చెప్పేసింది. ఎందుకంటే మావాడు ఎవర్ని ప్రశ్న అడగాలన్నా ముందు చేతి గడియారానికి కీ ఇస్తాడు. గడియారం తీసేసి మళ్ళీ ఇచ్చాను. ఈసారి 40వ పేజీలో దొరికిపోయాడు, చనిపోయిన తమ్ముడి గురించి అతను మాట్లాడే తీరు వల్ల. అప్పుడు అర్థమైంది, పైపైన గీకితే పోయేది కాదని. అతను ఈ పనిలోకి ఎందుకొచ్చాడు, దేనికి భయపడతాడు, ఇంట్లో ఎవరున్నారు, మొదటి నుంచి మళ్ళీ ఆలోచించాను. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ మనిషి నావాడు, అతనితో రెండో పుస్తకం కూడా రాస్తున్నాను, ఎవర్నీ అడగక్కర్లేదు.

మీరు రాసే ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నవల మొత్తం పంపకండి. రేపు వాళ్ళు అలాంటి కథే వేస్తే మాది కొట్టేశారన్న మాట వస్తుందని, అడగకుండా పంపిన రాతప్రతుల్ని చాలాచోట్ల తెరవను కూడా తెరవరు.

ప్రూఫుల బల్ల

నెట్‌లో ఊరికే పెట్టడం గురించి చెప్పడం మర్చిపోయాను. డబ్బు తీసుకోకపోతే చాలామంది హక్కుదారులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, ఫ్యాన్ ఫిక్షన్, అంటే అభిమానులు ఇష్టమైన పాత్రలతో రాసుకునే కథలు, అలాగే బతుకుతోంది. కానీ అది వాళ్ళ మంచితనం, మన హక్కు కాదు, తీసేయమంటే తీసేయాలి. అమ్మకానికి పెట్టారంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. టోల్కీన్ రాసిన "లార్డ్ ఆఫ్ ద రింగ్స్" నవలకు కొనసాగింపు అని అనుమతి లేకుండా 2022లో పుస్తకం వేసినాయన కేసు ఓడిపోయాడు. ఉన్న ప్రతులన్నీ ధ్వంసం చేయాలని, ఎదుటివాళ్ళ లాయర్ల ఖర్చు కింద సుమారు 1,34,000 డాలర్లు కట్టాలని 2023లో తీర్పొచ్చింది. పేరడీకి కొన్ని దేశాల్లో మినహాయింపు ఉంది గానీ, మీరు ఆ పాత్రను ప్రేమించి రాశారు, వెక్కిరించడానికి కాదు కదా.

రాతపిచ్చి

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రే పుస్తకం తీసి చూశాను, టైటిల్ వెనక పేజీలో రచయిత కూతురి పేరుంది. ఇన్నేళ్లలో ఆ పేజీ ఒక్కసారి కూడా చదవలేదు. ఉత్తరం మొదలుపెట్టాను. తాళంచెవి సీన్ తర్వాత ఆ డిటెక్టివ్ ఏమయ్యాడో తెలుసుకోవాలని నేను పడ్డ తపన గురించి ముందు రాయాలా, లేక విషయంతోనే మొదలుపెట్టాలా మూడో డ్రాఫ్ట్ గారూ?

మూడో డ్రాఫ్ట్

ముందు విషయం, రెండు వాక్యాల్లో. తాళంచెవి గురించి చివరి పేరాలో రాయండి, తప్పకుండా రాయండి. వాళ్ళ నాన్నగారి పుస్తకం మీరు ఎంత శ్రద్ధగా చదివారో ఆవిడకు దానివల్లే తెలుస్తుంది.