క్రాస్‌బో బాణానికి ఏ నాక్ వాడాలి? నారి బాణం మీదుగా జారిపోయింది

ప్రశ్న

నమస్కారం. ఇతరులు వాడిన క్రాస్‌బో (ట్రిగ్గర్ నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు) ఒకటి, దానితోపాటు పన్నెండు కార్బన్ బాణాలు కొన్ని నెలల క్రితం నా చేతికి వచ్చాయి. గురి సాధనకు తప్ప మరి దేనికీ నేను దానిని వాడను. పోయిన వారం సాధన చేస్తుండగా ఏడవ బాణం వదిలినప్పుడు, ఎప్పుడూ వినిపించే మెత్తని చప్పుడుకు బదులు ఎండుకట్టె విరిగినంత పెద్ద శబ్దం వచ్చింది. బాణం లక్ష్యం దాకా పోలేదు, నాకు నాలుగు అడుగుల ముందు నేల మీద పడింది. నారి మధ్యభాగాన చుట్టిన దారం ఒకచోట తెగి పీచులు లేచింది.

బాణాలన్నిటినీ బల్ల మీద పరిచి, వెనుక కొసల్లో దూర్చి ఉండే, నారి ఆనే ముక్కలను (నాక్‌లను) చూస్తే, ఏడింటికి బల్లపరుపుగా ఉండే నాక్‌లు, ఐదింటికి నెలవంక ఆకారపు గాడి ఉన్న నాక్‌లు కనిపించాయి. వింటితో వచ్చిన పుస్తకం నా దగ్గర లేదు. ఈ రెండింటిలో ఏది సురక్షితం? ప్లాస్టిక్‌వి తీసేసి అల్యూమినియంవి వేస్తే సరిపోతుందా? వాటిని జిగురుతో అంటించాలా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1

మీకు దెబ్బ తగలనందుకు సంతోషం. నాక్ సంగతికి ముందు ఒక మాట చెప్పాలి. నారి బాణం మీదుగా జారిపోవడమంటే, బాణం లేకుండా ట్రిగ్గర్ నొక్కడంతో దాదాపు సమానం. బాణం మోసుకుపోవలసిన శక్తి అంతా వెనక్కు తిరిగి వింటి బద్దలలోకి, కప్పీలలోకి, నారిలోకి పోతుంది. అందువల్ల నారిని మార్చి, బద్దలను తెలిసిన మెకానిక్‌కు చూపించే వరకు ఆ వింటిని ఎక్కుపెట్టకండి. ఈలోగా మీరే బద్దల అంచుల వెంట దూది ఉండను నెమ్మదిగా జరిపి చూడండి. దూది పీచు చిక్కుకున్న చోట, కంటికి కనబడకపోయినా, పగులు మొదలై ఉండవచ్చు.

ఇక నాక్ విషయం. ఏ రకం మంచిదన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. మీ వింటిని ఏ రకం నాక్ కోసం తయారుచేశారన్నదే అసలు ప్రశ్న. బాణం వెనుక కొస ట్రిగ్గర్ పెట్టె నోటిలోకి వెళ్లి నారిని తాకుతుంది. చాలా వింటులలో అదే కొస, ఉత్త నారిని వదలకుండా అడ్డుకునే చిన్న మీటను కూడా పక్కకు నెట్టుతుంది. ఆ నోటి వెడల్పు, రైలు (బాణాన్ని ఆనించి పెట్టే పొడవాటి పట్టీ) మీద నారి ఉండే ఎత్తు, ఎక్కుపెట్టినప్పుడు నారి వంగే కోణం, ఈ మూడూ కలిసి నాక్ ఆకారాన్ని నిర్ణయిస్తాయి.

బల్లపరుపు నాక్‌కు దిశతో పనిలేదు. ఏ పక్కకు తిరిగి ఉన్నా ఒకటే. కానీ నారిని పట్టుకునే గాడి దానికి లేదు కనుక, నారి ఎత్తు సరిగ్గా కుదిరిన వింటిలోనే అది నమ్మదగినది. నెలవంక నాక్‌లోని లోతు తక్కువ గాడి, నారి పైకి గాని కిందికి గాని జరగకుండా కొంత ఆపుతుంది. అయితే ఆ గాడి నారికి సమాంతరంగా ఉంటేనే ఆ మేలు. పావు చుట్టు తిరిగి నిలువుగా నిలిచిందంటే నారికి రెండు కొమ్ముల అంచులు మాత్రమే ఆనుతాయి. అప్పుడది బల్లపరుపు నాక్ కన్నా ప్రమాదకరం. మూడవ రకం నారిని కరిచి పట్టుకునేది. బద్దలు బాగా దగ్గరగా ఉండి, నారి చాలా ఇరుకు కోణంలో వంగే నేటి సన్నని వింటులకు ఎక్కువగా దీనినే నిర్దేశిస్తారు.

కంపెనీల పద్ధతులు చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఎక్స్‌కాలిబర్ వింటులు చాలాకాలంగా బల్లపరుపు నాక్‌లతో వస్తున్నాయి. బార్నెట్ ఎక్కువగా నెలవంక నాక్‌లు ఇస్తుంది. టెన్‌పాయింట్ మూడు గాళ్లు అడ్డదిడ్డంగా కలిసే ఆమ్ని నాక్‌ను, తరువాత నారిని పట్టుకునే ఆల్ఫా నాక్‌ను తెచ్చింది. రావిన్ వింటులలో నాక్ నారి మీద క్లిక్‌మని కూర్చోవాలి. ఒకరి వింటికి ప్రాణంలాంటి నాక్ మరొకరి వింటికి ప్రమాదం కావచ్చు. కాబట్టి వింటి మీదున్న మోడల్ పేరు చూసి, తయారీదారు వెబ్‌సైటు నుంచి దాని పుస్తకాన్ని దించుకోండి. నాక్ రకం అందులో తప్పక ఉంటుంది.

నెలవంక నాక్‌లున్న ఆ ఐదు బాణాలను ఒక్కొక్కటిగా ఎత్తి, గాడి ఏ దిశలో ఉందో, ముఖ్యంగా జారిపోయిన బాణానిది ఎలా ఉందో, చూసి చెప్పగలరా?

సమాధానం 2

నేను ఎనిమిదేళ్లుగా దొరికిన బాణాన్నల్లా బల్లపరుపు నాక్‌తోనే వేస్తున్నాను, ఒక్కసారి కూడా జారలేదు. గాడి తిరిగిపోతుందన్న బెంగే ఉండదు కాబట్టి అన్నిటికీ అవే వేసుకోవడం మేలని నా అభిప్రాయం.

సమాధానం 3

రెండవ సమాధానం ఇచ్చిన మిత్రులతో నేను ఏకీభవించలేను. ఇది చూసి మరొకరు అనుసరించే ప్రమాదం ఉంది గనుక వివరంగా చెబుతున్నాను. మీ వింటి నారి రైలు మీద సరైన ఎత్తులో ఉండి ఉంటుంది కాబట్టి మీకు ఇబ్బంది కలగలేదు. కరిచి పట్టే నాక్ కోసం చేసిన వింటిలో అదే బాణం పెడితే, నారి బాణం మీదుగా ఎక్కడమో కిందుగా దూరడమో జరగవచ్చు. అలాంటి వింటులకు బల్లపరుపు నాక్ వాడవద్దని తయారీదారులు హెచ్చరిస్తారు. పాతబడి సాగిన నారి, అరిగిన చుట్టు దారం ఉంటే నిన్నటిదాకా జారనిది ఈ రోజు జారవచ్చు.

ప్రశ్న అడిగిన వారికి: అల్యూమినియం గట్టిదే, ప్లాస్టిక్‌లా చీలదు. కానీ తప్పు ఆకారంలో ఉన్న లోహపు నాక్, తప్పు ఆకారంలో ఉన్న ప్లాస్టిక్ నాక్‌కు ఏ విధంగానూ మెరుగు కాదు. లోహపు అంచు గరుకుగా ఉంటే నారి దారాన్ని కోస్తుంది. కొన్న వెంటనే గాడి లోపల గోరు నడిపి చూడండి. ప్లాస్టిక్ నాక్‌నైతే దీపం ముందు పట్టి తిప్పండి. గాడి అడుగున తెల్లని వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది పగులుకు మొదలు, ఆ నాక్‌ను అవతల పారేయవలసిందే. లక్ష్యంలో ఉన్న బాణాన్ని మరో బాణం వెనుక నుంచి తాకితే, పైకి ఏమీ కనబడకపోయినా నేను ఆ నాక్‌ను మార్చేస్తాను.

కొలత విషయంలో చాలామంది పొరపడతారు. క్రాస్‌బో బాణపు గొట్టాల లోపలి వ్యాసం అన్నిటికీ ఒకటి కాదు. 0.300 అంగుళం, అంటే సుమారు 7.62 మిల్లీమీటర్లు, ఉన్న గొట్టంలో 0.297 కోసం చేసిన నాక్ వదులుగా తిరుగుతుంది. తేడా మిల్లీమీటరులో పదోవంతు కూడా లేదు, కానీ గాడి పక్కకు తిరగడానికి అది చాలు. నాక్‌కు కాగితం చుట్టి బిగించడం, ఆకురాయితో అరగదీసి దూర్చడం, ఈ రెండూ చేయకండి. నాక్ మార్చినప్పుడు మొత్తం బాణాన్ని తూకం వేయండి. తయారీదారు చెప్పిన కనీస బరువు, చాలా వింటులకు 350 నుంచి 400 గ్రెయిన్ల దరిదాపుల్లో ఉంటుంది, దానికన్నా బాణం తేలిక కాకూడదు. 400 గ్రెయిన్లంటే సుమారు 26 గ్రాములు.

మన భాషలో బాణపు ఈ కొసను పుంఖం అనేవారు. పుంఖానుపుంఖాలుగా అనే మాట అందులోంచి వచ్చినదే. మాట రోజూ నోట్లో నలుగుతున్నా ఆ కొస మీద మాత్రం ఎవరి చూపూ పడదు. మొన పదును అందరూ చూస్తారు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. జారిపోయిన బాణం నెలవంక రకానిదే. వేళ్లతో మెల్లగా తిప్పితేనే దాని నాక్ తిరిగిపోతోంది. బాణం కింది ఈకను రైలు గాడిలో పెట్టి చూస్తే నెలవంక గాడి దాదాపు నిలువుగా ఉంది. తక్కిన నాలుగింటిలో ఒకటి కూడా కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. మోడల్ పేరుతో పుస్తకం దొరికింది. దాని ప్రకారం నా వింటికి నెలవంక నాక్ మాత్రమే వాడాలి, బల్లపరుపుది వాడకూడదు. అంటే ఇన్నాళ్లూ ఏడు బాణాలు తప్పు నాక్‌తోనే వేశాను. వింటిని మరమ్మతుకు ఇచ్చాను. ఇక మిగిలింది జిగురు సందేహం, రాత్రి వెలిగే నాక్‌ల సంగతి.

సమాధానం 1 ఇచ్చినవారు

కారణం తేలింది, మంచిది. వదులుగా ఉన్న నాక్‌కు జిగురు మందు కాదు. ముందు సరైన కొలత నాక్ తెచ్చుకోండి. అది వేలితో నొక్కితే బిగువుగా దిగి, దానంతట అది తిరగకుండా ఉండాలి. ఆ తరువాత బాణం తయారీదారు అంటించమంటేనే, వారు చెప్పిన జిగురుతోనే అంటించండి. గట్టిపడే ముందే కింది ఈకను రైలులో పెట్టి గాడి దిశ సరిచూసుకోవాలి. అంటించిన నాక్‌ను మంటతో వేడిచేసి తీయవద్దు, ఆ వేడికి కార్బన్ గొట్టం పాడవుతుంది. నాక్ మీద నుంచి గొట్టం మీదికి సన్నని శాశ్వత ఇంకు పెన్నుతో ఒకే గీత గీయండి. నాక్ ఏ కొంచెం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. నేను ప్రతి బాణం పెట్టే ముందు ఆ గీతనే చూస్తాను.

వెలిగే నాక్‌లు చాలావరకు నారి తోపుకు లోపలి స్విచ్ నొక్కుకుని వెలుగుతాయి. మీ వింటికి చెప్పిన నెలవంక ఆకారంలో, మీ గొట్టం కొలతకు దొరికితేనే తీసుకోండి. లోపల బ్యాటరీ ఉన్నందువల్ల బాణం వెనుక భాగం బరువెక్కి గురి కాస్త మారుతుంది. అందువల్ల సాధన కూడా వాటితోనే చేయాలి.

బాణాన్ని వెనక్కు నెట్టేటప్పుడు నాక్ నారిని పూర్తిగా ఆనేవరకు నెట్టండి. మధ్యలో చిన్న సందు మిగిలినా నారి సుత్తిలా వచ్చి నాక్‌ను కొడుతుంది. రెండో చేతి వేళ్లు, బొటనవేలితో సహా, రైలుకు కిందుగానే ఉండాలి. బాగుచేసిన వింటితో మొదటి బాణం వేశాక నారి దారాన్ని, నాక్ గాడిని మరొకసారి చూసి, ఎలా ఉన్నాయో ఇక్కడ రాయండి.