'టైంలెస్'ల వాయట్‌కు లూసీ మీద మనసు ఏడ పడ్డది? ఇంట్ల పంచాయితీ తెగుతలేదు

కొంగు_టీచర్ (దేవరకొండ):

అందరికీ నమస్తే. 'టైంలెస్' అనే అమెరికా సీరియల్ చూసినోళ్లు జర నా పంచాయితీ తెంపుండ్రి. మిషన్ల కూసొని పాత కాలాలకు పోయే ముగ్గురి కథ అది: చరిత్ర ప్రొఫెసర్ లూసీ, సిపాయి వాయట్, మిషన్ నడిపే రూఫస్. చూడనోళ్లు ఈడికే ఆగుండ్రి, కథ మొత్తం బయటపెడుతున్న.

బాబు పండుకున్నంక రాత్రి తొమ్మిదిన్నరకు రోజుకో ఎపిసోడ్ లెక్కన మేమిద్దరం చూసుకుంట వచ్చినం. మొదటి సీజన్ 16, రెండోది 10, ఆఖరుకు 2018 డిసెంబర్ 20 నాడు వచ్చిన రెండు భాగాల ముగింపు. మొన్న శనివారం ఒడిసింది. అప్పటిసంది ఒకటే లొల్లి. వాయట్‌కు లూసీ మీద మనసు ఎప్పుడు పడ్డది?

మా ఆయనేమో బోనీ అండ్ క్లైడ్ ఎపిసోడ్ అంటడు. 1934ల ఆ దొంగల నడుమ చిక్కి వీళ్లిద్దరు పెండ్లి ఖాయమైన జంట లెక్క నటిస్తరు గద. అనుమానం రావొద్దని ముద్దు పెట్టుకుంటరు. "ఇంకేం గావాలె నీకు" అంటడు. నాకైతే ఆ ముద్దు కంటె దానికి ముందటి మాటలే యాదికున్నయి. పెండ్లి మాట ఎట్ల ఎత్తినవని అడిగితే వాయట్ ఒక ముచ్చట చెప్తడు. చెప్పుకుంట చెప్పుకుంట మనిషే మారిపోతడు. అది అల్లిన కథ గాదు, చచ్చిపోయిన పెండ్లాం జెస్సికాను అడిగిన ముచ్చట. గసొంటి ముచ్చట చెప్పినంక పెట్టిన ముద్దు ఎవరికి పెట్టినట్టు? మీరే చెప్పుండ్రి.

నేననేది మొదటి ఎపిసోడే. 1937 మే 6, హిండెన్‌బర్గ్ గాలిఓడ కాలిపోయిన దినం కోసం పోతరు. మిషన్ల కూసున్నంక లూసీకి సీటు బెల్టు పెట్టుకునుడు రాదు. చరిత్ర ప్రొఫెసర్, ఏ సంవత్సరంల ఏమైందో గడగడ చెప్తది, బెల్టు మాత్రం పడది. వాయట్ వంగి పెడ్తడు. అప్పటికి ఆమెను "మ్యామ్" అంటడు, ఆమెకు ఆ పిలుపు నచ్చది. "ఆ ఎపిసోడ్ల వాని చూపంత జెస్సికా పోలికలున్న జర్నలిస్టు మీదనే గద" అని మా ఆయన కొట్లాట. చూపు ఏడున్నా చెయ్యి ఏడున్నదో చూడాలె అని నా వాదన.

నాకిది ఎందుకు పట్టుకున్నదో గూడ చెప్త. నేను ప్రైవేటు స్కూల్ల సోషల్ చెప్త. ఆయనది మోటర్ వైండింగ్ షాపు. ఎండకాలం బోరు మోటర్లు కాలుడు మొదలైతే తిండికి గూడ ఇంటికి రాడు. పెండ్లైన కొత్తల నన్ను "మేడమ్" అనేటోడు. ఇంకేం మాటల్లేవు. పొద్దుగాల స్కూల్ కాడ దించనీకె బండి మీద ఎక్కించుకుంటే, కిక్కు కొట్టే ముందు ఎనక్కి తిరగకుండనే చెయ్యి ఎనక్కి తెచ్చి, నా కొంగు చక్రం దిక్కు జారిందా అని తడిమి చూసేటోడు. "మేడమ్, కొంగు." గంతే. రాగి తీగ చుట్టీ చుట్టీ ఆయన వేళ్లు గరుకు. పట్టుచీర కట్టిన నాడు దారం లేస్తదని వేళ్లు ముడిచి, చేతి ఎనక భాగంతోని తడిమేటోడు. అది నాకు సమజైనది చానా రోజులకు.

ఇంకోటి. రెండో సీజన్ మూడో ఎపిసోడ్ల, 1941 హాలీవుడ్ల ఇద్దరు ఒక్కటైతరు. తిరిగి వచ్చేసరికి జెస్సికా బతికున్నది! నేను ల్యాప్‌టాప్ మూసేసిన. రెండు దినాలు మళ్ల తెరవలే. ఇది న్యాయమేనా, లేక సీరియల్ సాగదీసుడా?

---

మిల్లు_గుమాస్తా (మిర్యాలగూడ):

అక్కా, మొదలు జెస్సికా సంగతి. నా లెక్కల అది న్యాయమే. రాసినోళ్లు ముందుగాలనే గుంత తవ్వి పెట్టిండ్రు. వీళ్ల మిషన్‌కు ఒక కట్టడి ఉన్నది గద, నువ్వు బతికున్న కాలానికి నువ్వు పోరాదు. గందుకే జెస్సికా చచ్చిపోయిన 2012కు పోయి పెండ్లాన్ని కాపాడుకునే తోవ వాయట్‌కు లేదు. మరి ఏం జేసిండు? 1962 లాస్ వేగాస్‌ల టెలిగ్రాం ఆఫీసుకు పోయి, ఎన్నో ఏండ్ల తర్వాత జెస్సికాకు ముట్టేటట్టు ఓ టెలిగ్రాం రాసిచ్చిండు. పని కాలే. తర్వాత మిషన్ దొంగతనంగ తీస్కపోయి, 1983ల ఆమెను చంపినోని అమ్మానాయన కలవకుండ జేస్తనని పోయిండు. అండ్ల ఒక మనిషి పానం పోయింది, జెస్సికా మాత్రం రాలే. సీజన్ మొత్తం ఆమె కోసమే గోడకు తల కొట్టుకున్నోడు, ఆ బాకీ కట్టకుండ లూసీతోని ఇల్లు ఎట్ల కడ్తడు? మాఫీ జేస్తే ఒడ్సిపోయే బాకీ గాదు అది.

నాకు కడుపుమండేది జెస్సికాను శత్రువుల మనిషిని చేసుడు. తోడబుట్టినోని రోగం నయం జేసి చిన్నప్పటిసందే ఆ రహస్య ముఠా రిటెన్‌హౌస్ ఆమెను తమ దిక్కు తిప్పుకున్నదని చెప్పిండ్రు. మంచి ఆడమనిషి తిరిగొచ్చుంటే వాయట్ ఏం జేసేటోడు? అసలు కథ ఆడున్నది. ఆ తోవ మూసేసిండ్రు.

ఇగ మనసు పడ్డది ఏడ అంటే నా ఓటు 1836 అలమో కోట యుద్ధం ఎపిసోడ్‌కు. వాయట్ "నేనీడనే చస్త, మీరు పోండి" అంటే లూసీ ఒప్పుకోదు. వాని జాగల ఇంకో సిపాయిని పెడ్తమన్నా ఒప్పుకోదు. ముందు పడ్డది లూసీ, వాడు గాదు. మీ ఇద్దరి ప్రశ్ననే తప్పు, ఏమనుకోకు అక్కా.

---

పానగల్లు_పిల్ల (నల్లగొండ):

ఫ్లిన్ పేరు ఒక్కలన్న ఎత్తరేంది? జెస్సికా వచ్చినంక లూసీ వీళ్లంత దాక్కున్న అదే బంకర్ల, అదే గోడల నడుమ వాళ్లిద్దరిని రోజూ చూసుకుంట బతికింది. అప్పుడు ఆమెతోని కూసొని మాట్లాడింది ఎవరు? ఫ్లిన్. మొదటి సీజన్ల విలనని మనం తిట్టుకున్న మనిషే. ఆఖరుకు 2012కు పోయి జెస్సికా సంగతి తేల్చి, ఆడనే పానం ఇడిసింది గూడ ఆయనే. చచ్చిన రూఫస్ తిరిగొచ్చుడు, వీళ్ల పెండ్లి, అంత ఆయన పుణ్యం. కవల బిడ్డలల్ల ఒకరికి లూసీ చెల్లె ఆమీ పేరు, ఒకరికి ఫ్లిన్ అని పేరు పెట్టుకున్నరు గద. పేరు పెట్టుకుంటే తీరుతదా?

వాయట్ మంచోడే, కాదంటలే. గని రెండో సీజన్ల వాని అలుగుడు నాకు ఎక్కలే. ఇంట్ల పెండ్లాం ఉండంగ లూసీ ఫ్లిన్ గదిలకెళ్లి బయటికొస్తే మొఖం ముడుచుకునుడేంది?

---

కొంగు_టీచర్ (దేవరకొండ):

@మిల్లు_గుమాస్తా తమ్మీ, బాకీ మాట బాగ చెప్పినవ్, నా కోపం సగం దిగింది. అలమో సంగతి గూడ ఒప్పుకుంట. గని లూసీ "వీడే గావాలె" అన్నది బెల్టు పెట్టినోన్ని గాబట్టే గద!

@పానగల్లు_పిల్ల నువ్వన్న అలుగుడు కాడ నేను గూడ తిట్టిన చెల్లే. మా ఆయన మాట్లాడలే. మాట్లాడకుంటెనే అనుమానమొచ్చింది.

---

జోగులాంబ_జంక్షన్ (గద్వాల):

అక్కా, మెల్లగ పండే ప్రేమ గావాలంటే 'ఔట్‌లాండర్' చూడు. 1945ల నర్సు క్లేర్ రాళ్ల నడుమకెళ్లి 1743 స్కాట్లాండ్‌ల పడ్తది. ఇంగ్లీషు కెప్టెన్ చేతికి చిక్కకుండ ఉండాలంటే స్కాట్లాండోన్ని చేసుకోవాలె, గందుకే జేమీతోని పెండ్లి జేస్తరు. ముందు పెండ్లి, ఎనక ప్రేమ. మనకాడి లెక్కనే! పెండ్లి రాత్రి తాగుకుంట ఇంటి ముచ్చట్లు, అమ్మానాయనల ముచ్చట్లు చెప్పుకుంట కూసుంటరు. ఆమెకు 1945ల మొగుడున్నడు, అది వేరే తలనొప్పి. బాబు పక్కనున్నప్పుడు మాత్రం పెట్టకు, చెప్పిన గద అనకు.

'టైంలెస్'కు టైం దొరకలే, అసలు మాట అది. మొదటి సీజన్ అయినంక బంద్ అన్నరు, మూడు దినాలకు మళ్ల ఉన్నదన్నరు, తీరా ఇచ్చింది 10 ఎపిసోడ్లు. రెండోసారి బంద్ జేసినంక అభిమానులు పైసలు జమ జేసి, 2018ల శాన్ డియాగో కామిక్ కాన్ అనే సినిమా, కామిక్స్ అభిమానుల జాతర మీద హెలికాప్టర్‌తోని బ్యానర్ ఎగిరేసిండ్రు. గట్లయితేనే ఆ ముగింపన్న వచ్చింది.

---

కొంగు_టీచర్ (దేవరకొండ):

అన్నీ మా ఆయనకు చదివి వినిపిచ్చిన. అన్నం తినుకుంట విన్నడు. "16 చుట్లు పడాల్సిన కాడ 10 వేస్తే మోటర్ కాలక ఏమైతది" అన్నడు జోగులాంబన్న మాటకు. అలమోకు మాత్రం తల ఊపిండు.

కొంగు సంగతి రాసినందుకు జర గుర్రుమన్నడు. "నీ చీర చక్రంల పడితే చువ్వలు వంగుతయని తడిమిన, నువ్వేమో లవ్ స్టోరీ రాస్తివి" అన్నడు. మరి వేళ్లెందుకు ముడిచినవ్ అని అడిగిన. మంచినీళ్ల చెంబు ఎత్తి తాగుకుంట కూసున్నడు.

ఇప్పుడు మొదటి ఎపిసోడ్ మళ్ల పెట్టమంటున్నడు, బెల్టు కాడికి. పోయొస్త.