బాతు గుడ్లు 18వ రోజు, గాలి గది చిన్నగా ఉంది, పోయినసారి అన్నీ పెంకులోనే చచ్చిపోయాయి, ఈసారైనా ఏం చేయాలి?

కొత్తబాతు:
అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. ఇంట్లో గుడ్లు పొదిగించే చిన్న మెషీన్ (ఇంక్యుబేటర్) ఉంది, ఫ్యాన్ ఉన్నదే. పోయినసారి 12 బాతు గుడ్లు పెడితే 9 చివరిదాకా బాగానే పెరిగాయి, టార్చ్ పెడితే లోపల కదలటం కూడా కనపడేది, ఇంకేముంది వచ్చేస్తాయి అనుకున్నా, 28 వచ్చింది 29 వచ్చింది 30 కూడా వచ్చింది, ఒక్కటంటే ఒక్కటి పెంకు పొడవలేదు. ఈసారి 14 పెట్టా, 7వ రోజు చూస్తే మూడింట్లో ఏమీ లేదు, తీసేశా. ఇవాళ 18వ రోజు. టెంపరేచర్ 37.5, హ్యుమిడిటీ 55, అందరూ చెప్పేది అదే కదా, నేనూ ఒక్క పాయింట్ కూడా అటూ ఇటూ పోనివ్వట్లేదు, తేమ పోకూడదని పైన గాలి కన్నాలు కూడా మూసేశా. అయినా గాలి గది (గుడ్డు లావు కొన దగ్గర ఉండే ఖాళీ చోటు) చిన్నగానే కనపడుతోంది. పైగా నిన్నటి నుంచి మూత తీస్తే ఏదో వాసన. భయంగా ఉంది.

మూడోబ్యాచ్:
మస్కోవీ (వేరే రకం బాతు) గుడ్లు కావు కదా? వాటికి 35 రోజులు పడుతుంది, 30కే ఆపేసి పారేసిన వాళ్ళని చూశా.

కొత్తబాతు:
కాదు బ్రో, మామూలు బాతులే, 28 రోజులవి.

రాత్రిటార్చ్:
ముందు వాసన సంగతి చూడండి, మిగతావి తర్వాత. ఒక్కో గుడ్డు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, ఇది ఎవరికీ ఇష్టమైన పని కాదు కానీ తప్పదు. మురిగిన దాని పెంకు మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు ఉంటాయి, ఒక్కోసారి పెంకు రంగు కూడా మారుతుంది. దొరికితే ఊపకుండా, కొట్టకుండా, కవర్‌లో పెట్టి బయటికి తీసుకెళ్ళి పారేయండి. లోపల గ్యాస్ నిండి ఉంటుంది, మెషీన్‌లో పేలిందంటే మిగతా గుడ్లన్నిటి మీదా ఆ క్రిములు పడతాయి, ఇక ఆ కంపు నెల రోజులు పోదు. నాకు ఒకసారి అయింది, ఇంట్లోవాళ్ళు మెషీన్‌ని నన్నూ కలిపి బయట పెట్టారు.

ఇక అసలు సంగతి. పోయినసారి చచ్చిపోయిన గుడ్లు పగలగొట్టి చూశారా? లోపల ఎలా ఉంది?

కొత్తబాతు:
వాసన గుడ్డు దొరికింది అక్కా, మీరు చెప్పినట్టే ఒకదాని మీద బంక బొట్లు ఉన్నాయి, తీసేశా. ఇప్పుడు 10 ఉన్నాయి. పోయినసారి రెండు పగలగొట్టి చూశా, పిల్ల పూర్తిగా తయారై ఉంది, బొచ్చు కూడా వచ్చింది, కానీ అంతా తడి తడిగా జిగురు జిగురుగా ఉంది, మెడ దగ్గర ఉబ్బినట్టు ఉంది. మిగతావి చూసే ధైర్యం రాలేదు.

రాత్రిటార్చ్:
అక్కా అన్నావు కాబట్టి ఇక తమ్ముడూ అనే అంటా. తమ్ముడూ, తడి, జిగురు, ఉబ్బిన మెడ, చిన్న గాలి గది, ఇవన్నీ ఒకే మాట చెప్తున్నాయి, తేమ ఎక్కువైంది. గుడ్డులో నీరు రోజూ కొంచెం కొంచెం పెంకు రంధ్రాల్లోంచి ఆవిరై పోవాలి, పోయిన చోటే గాలి గది పెరుగుతుంది. పిల్ల చివర్లో ముందు లోపలి పొర పొడిచి ఆ గదిలో ముక్కు పెట్టి మొదటి ఊపిరి తీసుకుంటుంది, ఆ తర్వాతే పెంకు జోలికి పోతుంది. గది చిన్నదైతే ఆ ఊపిరికి చోటుండదు, ఒళ్ళు తిప్పుకోవటానికీ ఉండదు, ఉన్న నీళ్ళలోనే మునిగిపోతుంది.

నువ్వు 55 పెట్టావు, నిజమే, పెట్టాల్సిందీ అంతే. కానీ అది నీ మీటర్ చెప్పే 55. మెషీన్‌తో పాటు వచ్చే మీటర్లు పది పదిహేను పాయింట్లు అబద్ధం చెప్పటం మామూలే. ఉప్పు టెస్ట్ చెయ్యి. సీసా మూతలో మామూలు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు చుక్క చుక్క నీళ్ళు పొయ్యి, ఉప్పు కరిగిపోకూడదు, నీళ్ళు పైన తేలకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున మీటర్ 75 చూపించాలి. ఎంత తేడా ఉంటే అంత నీ మీటర్ తప్పు. ఎంత ఖరీదైన మీటరైనా నేను ఇది చెయ్యకుండా నమ్మను.

గాలి కన్నాలు మాత్రం ఇప్పుడే తెరువు, రేపటిదాకా ఆగకు. లోపల ఉన్నవి ఊపిరి పీల్చే ప్రాణాలు, చివరి వారంలో వాటికి గాలి ఇంకా ఎక్కువ కావాలి.

పెరటిపక్షి:
అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా, గుడ్లు మొదట్లో తూకం వేశారా? బాతు గుడ్డు 25వ రోజుకి మొదటి బరువులో సుమారు 13 శాతం తగ్గాలి. మీటర్ అబద్ధం చెప్పినా వంటింటి త్రాసు చెప్పదు.

ఇంకో మాట, రోజూ ఒకసారి మూత తీసి పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి గోరువెచ్చని నీళ్ళు స్ప్రే చెయ్యండి. తల్లి బాతు నీళ్ళలో దిగొచ్చి తడి ఈకలతోనే కూర్చుంటుంది కదా, అలా అన్నమాట. నేను స్ప్రే చెయ్యకుండా ఎప్పుడూ పిల్లల్ని తియ్యలేదు.

రాత్రిటార్చ్:
చల్లార్చటం వరకు ఓకే, అన్నా. స్ప్రే మాత్రం నేను చేసీ చూశా చెయ్యకుండానూ చూశా, మా చిన్న మెషీన్‌లో పెద్ద తేడా కనపడలేదు. ఇప్పుడీ తమ్ముడి గుడ్లకి నీళ్ళు తగ్గాలి, ఈ టైంలో స్ప్రే అంటే నేను ఒప్పుకోను.

పెరటిపక్షి:
ఈ బ్యాచ్‌కి వద్దులే, అది కరెక్టే. మామూలుగా చెప్పా.

కొత్తబాతు:
పొద్దున డబ్బా తీసి చూశా అక్కా. 62 చూపిస్తోంది. అంటే 13 తక్కువ చూపిస్తోంది. నేను 55 అనుకున్నది 68 అన్నమాట. పోయినసారి 9 పిల్లల్నీ నేనే ముంచేశా.
తూకం గురించి, అన్నీ వెయ్యలేదు కానీ ఒక గుడ్డు మీద సరదాగా పెన్సిల్‌తో 82 అని రాసి పెట్టుకున్నా, ఇప్పుడు చూస్తే 77 ఉంది.

రాత్రిటార్చ్:
ఆ 82 నీకు దొరికిన నిధి. 13 శాతం అంటే మొత్తం పది పదకొండు గ్రాములు తగ్గాలి, 18 రోజులకి ఏడున్నర పోవాల్సింది, నీకు 5 పోయింది. వెనకబడింది కానీ చేతులెత్తేసేంత కాదు, ఇంకా వారం ఉంది. నీళ్ళ గిన్నె పూర్తిగా తీసెయ్యి. 25వ రోజు దాకా అసలు హ్యుమిడిటీ 35, 40 మధ్య ఉండనీ, అంటే నీ మీటర్ మీద పాతిక దగ్గర. ఇవాళ రాత్రి చీకటి గదిలో గుడ్డు లావు కొనకి టార్చ్ పెట్టి గాలి గది అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి పక్కన 19 అని రాయి. 21న ఇంకో గీత. గీతలు కిందికి జరుగుతుంటే నువ్వు సరైన దారిలో ఉన్నట్టే, మీటర్ వైపు చూడకపోయినా పర్లేదు.

తిప్పటం ఆపొద్దు. రోజుకి మూడుసార్లో అయిదుసార్లో, బేసిగా, అప్పుడే రాత్రంతా ఒకే వైపు పడుకోకుండా రోజు మార్చి రోజు పక్క మారుతుంది. 25న తిప్పటం ఆపి నీళ్ళు పెట్టి అసలు 70 దాకా తీసుకెళ్ళు, ఇక మూత తియ్యకు.

మూడోబ్యాచ్:
టెంపరేచర్ కూడా చెక్ చేస్కో బ్రో, జ్వరం చూసే థర్మామీటర్ పక్కన పెట్టి చూడు. నాది ఒక డిగ్రీ ఎక్కువ పోతోందని రెండు బ్యాచ్‌లు పోయాక తెలిసింది. కరెంట్ పోతే కంగారు పడి ఎక్కువ వేడి పెట్టకు, దుప్పటి కప్పి మూత తియ్యకుండా ఉంటే చాలు. కాసేపు చల్లబడితే తట్టుకుంటాయి, వేడెక్కితే మాత్రం తట్టుకోవు.

కొత్తబాతు:
25వ రోజు అప్‌డేట్. ఆ గుడ్డు 73 ఉంది, అంటే 9 గ్రాములు తగ్గింది. గీతలు బాగా జరిగాయి, గాలి గది ఒక పక్కకి వాలినట్టు ఉంది. థర్మామీటర్ సరిపోయింది. తిప్పటం ఆపేశా, నీళ్ళు పోశా, మీటర్ 57 దగ్గర పెట్టా.

రాత్రిటార్చ్:
వాలిందంటే మంచి కబురు, పిల్ల పొడవటానికి సర్దుకుంటోంది. గాలి గది ఎక్కువ కిందికి జారిన వైపు పైకి వచ్చేట్టు గుడ్డుని పడుకోబెట్టు.

కొత్తబాతు:
27వ రోజు సాయంత్రం 6కి ఒకటి పొడిచింది!!! చిన్న నక్షత్రం లాంటి పగులు. లోపల్నించి కీచుమంటోంది, మేం విజిల్ వేస్తే జవాబిస్తోంది.

కొత్తబాతు:
పొద్దున 10 అయింది, అదే పగులు, అంతే ఉంది. 16 గంటలు అయింది. వేరే నాలుగు పొడిచాయి. మొదటిది చచ్చిపోతుందేమో, కొంచెం పెంకు తీస్తే?

పెరటిపక్షి:
కొంచెం తియ్యొచ్చు, నేనైతే పగులు చుట్టూ కాస్త వలుస్తా.

రాత్రిటార్చ్:
వద్దు తమ్ముడూ, చెయ్యి జేబులో పెట్టుకో. అన్నా మీ చెయ్యి తిరిగిన చెయ్యి, ఈ తమ్ముడిది మొదటిసారి. కోడిపిల్లల్లా కాదు, బాతు పొడిచాక బయటికి రావటానికి 24 నుంచి 48 గంటలు కూడా తీసుకుంటుంది. బయటికి ఏమీ జరగనట్టు ఉంటుంది గానీ లోపల పెద్ద పని నడుస్తోంది, పొరలోని రక్తనాళాల్లో రక్తం ఒంట్లోకి లాక్కోవాలి, మిగిలిన పచ్చసొన బొడ్డులోంచి పొట్టలోకి పోవాలి. ఇప్పుడు వలిస్తే రక్తం కారుతుంది, పొట్ట మూసుకోని పిల్ల చేతికొస్తుంది.
పగుల్లోంచి చూస్తే ముక్కు ఏదో నములుతున్నట్టు ఆడుతోందా? ఆడుతుంటే ఇంకా పని అవ్వలేదని అర్థం.

కొత్తబాతు:
అవును నములుతున్నట్టే ఉంది. సరే ముట్టుకోను. కానీ ఇంకో గుడ్డు సన్న కొన వైపు పొడిచింది, అటు గాలి గది ఉండదు కదా??

రాత్రిటార్చ్:
అది తలకిందులుగా తిరిగిన పిల్ల. దానికి మాత్రం సాయం కావాల్సి రావచ్చు, కానీ ఇప్పుడే కాదు. గాలి ఆడేలా ఆ కన్నం వేలి గోరంత పెద్దది చెయ్యి, పొర చిరగనివ్వకు, అంతే, మళ్ళీ లోపల పెట్టు. రేపు ఈ టైంకి నమలటం ఆగిపోయి, తడి దూదితో అద్దినప్పుడు పొరలో ఎర్ర గీతలేవీ కనపడకపోతే, కొంచెం కొంచెంగా పైకొన వరకు తియ్యి. రక్తం చుక్క కనపడితే ఆ క్షణమే ఆపి రెండు మూడు గంటలు వదిలెయ్యి. పొర తెల్లగా కాగితంలా ఎండుతుంటే గోరువెచ్చని తడి అద్దు, ముక్కు రంధ్రాల్లోకి మాత్రం నీళ్ళు పోకూడదు.

కొత్తబాతు:
మొదటిది 31 గంటలకి వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంటకి చూస్తుండగానే గుడ్డు చుట్టూ మూత కోసినట్టు గిర్రున కోసుకుంటూ తిరిగి, కాళ్ళతో ఒక్క తోపు తోసి బయట పడింది, తడి గుడ్డ పీలికలా ఉంది, అరగంట దాకా తల ఎత్తలేదు. 29వ రోజు అయ్యేసరికి 7 వాటంతట అవే వచ్చాయి. సన్న కొన దానికి మీరు చెప్పినట్టు ఒక రోజు ఆగి తీశా, రెండుసార్లు రక్తం కనపడి ఆపాల్సి వచ్చింది, మొత్తానికి బతికింది. రెండు రాలేదు, పగలగొట్టి చూశా, ఒకటి ఎప్పుడో మధ్యలోనే ఆగిపోయింది, ఇంకోటి తడిగానే ఉంది పోయినసారి లాగా.

ఇప్పుడు ఎప్పుడు తియ్యాలి, ఏం పెట్టాలి? మా ఇంట్లో పిల్లలు టబ్బులో నీళ్ళు పోసి వదులుదాం అని గొడవ.

మూడోబ్యాచ్:
బొచ్చు ఆరేదాకా లోపలే ఉంచు, పొట్టలో పచ్చసొన ఉంది కాబట్టి ఒక రోజు తిండి లేకపోయినా ఏం కాదు. తీశాక మొదటి వారం 32 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించు. కింద న్యూస్‌పేపర్ వెయ్యకు, జారి కాళ్ళు విచ్చుకుపోతాయి, గరుకు గుడ్డ వెయ్యి.

రాత్రిటార్చ్:
టబ్బు వద్దు. తల్లి కింద పెరిగే పిల్లకి తల్లి ఈకల నూనె అంటుతుంది, మెషీన్ పిల్లకి అది లేదు, తడిసి చలికి చచ్చిపోతుంది. కానీ తాగే నీళ్ళు మాత్రం ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి, బాతు ముక్కు కడుక్కోకపోతే మూసుకుపోతుంది. కోడిపిల్లల స్టార్టర్ మేతే పెట్టొచ్చు, అయితే బాతు పిల్లలకి నియాసిన్ (ఒక బి విటమిన్) ఎక్కువ కావాలి, లేకపోతే కాళ్ళు వంకర పోతాయి, అందుకని మేతలో కొంచెం బ్రూవర్స్ ఈస్ట్ (నియాసిన్ ఉండే ఈస్ట్ పొడి) కలుపు. నీళ్ళ గిన్నెలో గులకరాళ్ళు వెయ్యి, లేకపోతే దిగి కూర్చుంటాయి.

కొత్తబాతు:
ఒకడు అప్పుడే కూర్చున్నాడు అక్కా, మెసేజ్ టైప్ చేస్తున్నా, గిన్నెలో కూర్చుని నా వైపే చూస్తున్నాడు. రాళ్ళ కోసం వెళ్తున్నా.