ఐటీఐ అయ్యాక డిప్లొమా: పాలిసెట్ రాయాలా, నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఆదోని పక్క పల్లె. మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లూ పూర్తి చేశాడు. ఇప్పుడు ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) డిప్లొమా చదవాలని పట్టుబట్టాడు.

పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మొదటి ఏడాదిలో చేరితే మూడేళ్లు. పేపరు 120 మార్కులకు, అందులో లెక్కలకే 50. పదో తరగతి పుస్తకం ముందేసుకుని త్రికోణమితి దగ్గర ఆగిపోయాడు. మోటారు వైండింగ్ మాత్రం చూడకుండా చేస్తాడు! ఐటీఐ వాళ్లకు పెట్టే చిన్న బ్రిడ్జి కోర్సు చేసి, ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే నేరుగా డిప్లొమా రెండో ఏడాదే అంటున్నారు. ఒక ఏడాది కలిసొస్తే మా ఇంటికి అదే పెద్ద సాయం. కానీ మొదటి ఏడాది లెక్కలు చదవకుండా వెళ్తే తర్వాత ఈసెట్‌లో (డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే పరీక్ష), బీటెక్‌లో తట్టుకోగలడా అని నాకు టెన్షన్.

ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బ్రిడ్జి కోర్సు ఆదోని పాలిటెక్నిక్‌లోనే ఉంటుందా, నంద్యాలకో అనంతపురానికో పోవాలా? ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండో ఏడాదిలో చేరినవాళ్లకూ వస్తుందా? ఐటీఐ మార్కుల జాబితాతో పాటు ఇంకేం కాగితాలు అడిగారు? వాడు బాగా చదవాలని మా అమ్మకు చాలా ఆశ.